పూసిన కొమ్మను కోయడం

కుట్టుమిషన్ల షాపు నుంచి,
వానలు వెలిసిన సోమవారం

చెల్లీ,

చేతిలో ఫోన్ పెట్టుకుని ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. మా ఇల్లు నీకు తెలియనిదా? వంటింట్లో గ్లాసు జారితే పడకగదిలో ఉలిక్కిపడతాం. నీతో ఏం మాట్లాడినా మీ వదిన చెవిన పడుతుంది. అందుకే షాపులో, విప్పి పెట్టిన మిషన్ల మధ్య కూర్చుని రాస్తున్నాను. నువ్వు కూడా షాపు అడ్రసుకే రాయి.

విషయం ఏమిటంటే, మన దోమ పెంచిన గులాబీని మీ పూల ప్రదర్శనకు పంపాలని మీ వదిన పట్టుబట్టింది. నువ్వు అక్కడ పనిలో చేరావని తెలిసిన రోజు నుంచి ఇదే పాట. పిల్ల ఆ ప్రదర్శన చూడాలని ఎన్నిసార్లు అడిగిందో నీకూ తెలుసు. అన్ని దేశాల పూలూ ఒక్కచోటికి వస్తాయట నాన్నా, వెళ్దాం నాన్నా అని చెవి దగ్గర చేరి సతాయించేది. ఆ సతాయింపుకే కదా దోమ అని పేరు పెట్టాను. పద్దెనిమిదేళ్ల పిల్ల జ్వరంతో పోయి రెండేళ్లవుతోంది, నేను ఇంకా ఆ పేరుతోనే తలుచుకుంటున్నాను. అసలు పేరు పలికితే ఎవరో పరాయి పిల్లలా అనిపిస్తుంది.

"పిల్లను తీసుకెళ్లలేకపోయాం. పిల్ల పువ్వునైనా పంపుదాం" అంటోంది మీ వదిన. కాదనడానికి నాకు నోరు రాలేదు.

నువ్వు ఇదివరకు పనిచేసిన నర్సరీ నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన పుల్లతో అది అంటు కట్టిన మొక్క ఇదే. ప్రపంచంలో ఎవరి దగ్గరా లేని పువ్వు పూయిస్తానని అప్పట్లో గొప్పలు పోయింది. పూసేదాకా తాను ఆగలేదు. ఇప్పుడు ఐదు రేకుల తెల్లపూలు గుత్తులు గుత్తులుగా పూస్తున్నాయి. మీ వదిన డాబా మీద దాని పక్కన కూర్చుని ఇంట్లో సంగతులన్నీ చెబుతుంది. ఉప్పు అయిపోయిన సంగతి కూడా.

ఇంకో మాట. మీ వదిన మధ్యాహ్నం పూట ఇంట్లో కుట్టుమిషన్ ఆపితే, నీళ్ల డబ్బా మెట్లకు తగులుతూ డాబా మీదికి వెళ్తున్న చప్పుడు ఆమెకు వినిపిస్తుందట. దోమ అలాగే వెళ్లేది, డబ్బాను నిదానంగా మోయడం దాని ఒంట్లో లేదు. నేను మొదట పిల్లి అన్నాను, తరువాత పక్కింటి వాళ్ల పైపు అన్నాను. ఒకసారి "దయ్యమైనా నీళ్లు పోస్తోందంటే మన పిల్లే" అని నవ్వాను. మీ వదిన కూడా నవ్వింది, కోప్పడలేదు. ఆమె చప్పుడు విన్నానని చెప్పే రోజున ముఖం తేటగా ఉంటుంది. నాకు మాత్రం ఇంతవరకు ఏమీ వినిపించలేదు. నిజం చెప్పాలంటే ఆమె మీద అసూయగా ఉంది.

మొక్క బుధవారం వ్యానులో వస్తుంది. జాగ్రత్తగా దించుకో.

మీ అన్నయ్య


ప్రదర్శన ప్రాంగణం, మొక్కల తనిఖీ షెడ్డు,
ఆదివారం పొద్దున

అన్నయ్యకు,

మొక్క క్షేమంగా చేరింది. రెండు గుత్తులు రాలాయి, అంతే. వదినకు ఒక్కటీ రాలలేదని చెప్పు.

ఇంకొకటి కూడా ఆమెకు చెప్పొద్దు. బయటి మట్టి లోపలికి రానివ్వరు ఇక్కడ. ఏ దేశం నుంచి వచ్చినా, ఏ ఇంటి నుంచి వచ్చినా, వేళ్లకున్న మట్టినంతా పైపు పెట్టి కడిగి కొత్త మట్టిలో పెట్టాలి. పురుగుల భయం. షెడ్డులో మేం చేసే పని అదే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బూట్లలో నీళ్లతో. దోమ మొక్కను ఇంకొకరి చేతికి ఇవ్వకుండా నేనే కడిగాను.

ఇళ్లలో పెంచిన మొక్కల కోసం చివర్లో ఒక చిన్న హాలు ఉంది. అక్కడ కిటికీ పక్కన చోటు దొరికింది. చీటీ మీద పువ్వు పేరు రాయాల్సిన చోట గీత గీసి, పెంచినవాళ్లు అన్న చోట దాని అసలు పేరు రాశాను.

ప్రదర్శన సంగతి అడుగుతావు కదా. ఒక హాలులో పైకప్పు నుంచి నేల దాకా ఆర్కిడ్లు జలపాతంలా వేలాడతాయి. ఇంకో హాలులో యంత్రాలతో పొగమంచు పుట్టించి చలిదేశాల పూలు పెట్టారు. చూసేవాళ్లకు స్వర్గం. మాకు మాత్రం గేట్లు తెరవకముందే పని మొదలు. వాడిన ప్రతి మొక్కనూ తీసేసి అలాంటిదే తాజాది పెడతాం. ఇక్కడ ఏ పువ్వూ చావడానికి వీల్లేదు అన్నయ్యా. చచ్చినవన్నీ వెనక గేటు దగ్గర గుట్టగా ఉంటాయి, జనానికి ఆ దారి మూసేశారు. నిన్న ఉన్న పువ్వే ఈ రోజూ ఉందనుకుంటారు పాపం. అది వేరే పువ్వని మా ఒక్కళ్లకే తెలుసు. ఈ పని చేసి చేసి నాకు మనుషులను చూసినా అనుమానంగానే ఉంటోంది.

మొన్న పొగమంచు హాలులో వెనక నుంచి ఒక పిల్లను చూసి "దోమా" అని పిలిచేశాను. అదే జడ, అదే మెడ వంపు. ఆ పిల్ల గబగబా తన చేతులు దులుపుకుంది. నాకు నవ్వొచ్చింది, బయటికొచ్చాక ఏడుపొచ్చింది.

ఒక సంగతి అడుగుతాను, తేలిగ్గా తీసుకో. దోమ పోయాక ఆ మొక్కను ఎవరైనా ఎప్పుడైనా కత్తిరించారా? మొట్టమొదట పూసిన పువ్వు కూడా తెల్లదేనా?

నీ చెల్లెలు


కుట్టుమిషన్ల షాపు నుంచి,
శుక్రవారం

చెల్లీ,

మొక్క పోయిన దగ్గర నుంచి ఇంట్లో గోడలు కూడా మాట్లాడటం మానేశాయి. మీ వదిన మధ్యాహ్నం మిషన్ ఆపి, తల కొంచెం పక్కకు వంచి వింటుంది. మళ్లీ మిషన్ తొక్కుతుంది. కాసేపటికి మళ్లీ ఆపుతుంది. ఒక చొక్కా చేతిని మెడ దగ్గర కుట్టేసింది నిన్న. ఇన్నేళ్లలో అలాంటి పొరపాటు నేను చూడలేదు.

"చప్పుడు లేదండీ. దానితో పాటే వెళ్లినట్టుంది" అంది రాత్రి అన్నం వడ్డిస్తూ. నేను వినని చప్పుడు ఆగిపోతే నాకేం పోయింది చెప్పు? అయినా అన్నం సగంలో వదిలేసి లేచాను.

అక్కడ నీకేమైనా వినిపిస్తోందా అని అడగమంది. అడుగుతున్నాను. జనం ఆ పువ్వును చూసి ఏమంటున్నారో రాయమంది. ఏదో ఒకటి రాయి, కొంచెం కల్పించినా పాపం లేదు.

నీ ప్రశ్నకు జవాబు. ఎవరూ కత్తిరించలేదు. మీ వదినకు ఇంట్లో కత్తెరలు డజను ఉన్నాయి, ఒక్కటీ డాబా మెట్లెక్కదు. ఎండిన ఆకులు కూడా చేత్తోనే తీస్తుంది. మొదటి నుంచి తెల్లపూలే. పిల్ల చెప్పినట్టు కొత్తరకం పువ్వేనని మేం మురిసిపోయాం.

ఇప్పుడు నువ్వు చెప్పు. నువ్వు ఊరికే అడిగే మనిషివి కాదు. తేలిగ్గా తీసుకో అన్నావంటే బరువైనదే అయి ఉంటుంది. నా చెవిలో పూలు పెట్టకు.

మీ అన్నయ్య


ప్రదర్శన ప్రాంగణం, తనిఖీ షెడ్డు,
మంగళవారం

అన్నయ్యకు,

పెట్టను. షాపు తలుపు దగ్గరికి వేసి చదువు.

అంటు కట్టడమంటే రెండు మొక్కలు కలిపి మూడో పువ్వును పుట్టించడం కాదు. మీ ఇద్దరూ అలా అనుకున్నారని నాకు ఇన్నాళ్లూ తెలియదు. కింద మొండి నాటు గులాబీ ఉంటుంది, అది వేరు ఇస్తుంది. మనకు కావలసిన గులాబీ నుంచి ఒక కన్ను, అంటే చిగురు మొలిచే చోట గోరంత బెరడు, కోసి తెచ్చి నాటు గులాబీ బెరడు కింద దూర్చి కట్టేస్తాం. అది అతుక్కున్నాక, పైన ఉన్న నాటు కొమ్మనంతా కోసెయ్యాలి. కోస్తేనే కన్ను లేస్తుంది. కోయకపోతే సత్తువంతా పై కొమ్మే లాగేసుకుంటుంది, కన్ను అలాగే పడుకుని ఉంటుంది.

దోమ కన్ను పెట్టింది, కట్టింది. కోసే రోజు రాకముందే జ్వరం వచ్చింది.

మీరు రెండేళ్లుగా చూస్తున్న తెల్లపూలు నాటు గులాబీవి. కంచెలకు నాటుతారు దాన్ని. ఈ ప్రాంగణంలోనే గిడ్డంగుల పక్కన ఒక పొడవాటి కంచె ఉంది, నిండా అవే పూలు. వేళ్లు కడుగుతున్నప్పుడు పాచి కింద దోమ కన్ను దూర్చిన కోత కనిపించింది. అప్పుడే నీకు ఆ ప్రశ్న రాశాను. ఎవరైనా కోసి ఉంటారని, ఇది కోశాక వచ్చిన పువ్వే అయి ఉంటుందని ఎక్కడో ఆశ.

ప్రపంచంలో ఎవరి దగ్గరా లేని పువ్వు అన్నది మిమ్మల్ని ఆటపట్టించడానికి. అది తెచ్చిన పుల్ల మా నర్సరీలో వరసలకు వరసలున్న పసుపు గులాబీది. అంచున కొంచెం ఎరుపు ఉంటుంది. ఇక్కడ మూడో హాలులో బండ్లకొద్దీ ఉన్నాయి.

ఇక్కడితో అయిపోతే నీకు ఈ ఉత్తరమే రాసేదాన్ని కాదు. నోరు మూసుకుని, జనం మెచ్చుకుంటున్నారని రాసి ఊరుకునేదాన్ని. కానీ ఆ కన్ను అంచును గోటితో గీరి చూశాను. లోపల ఆకుపచ్చగా ఉంది. బతికే ఉంది అన్నయ్యా. ఇంత కాలం పడుకుని ఉన్న కన్నును నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు కోస్తే లేవచ్చు, లేవకపోవచ్చు. మాట ఇవ్వలేను. ఇంకో ఏడాది ఆగితే మాత్రం బెరడు మింగేస్తుంది.

అది లేవాలంటే వదిన మాట్లాడే కొమ్మలన్నీ కోయాలి. ఆలోచించు.

చప్పుడు సంగతి అడిగింది కదా. షెడ్డులో నీళ్ల చప్పుడు తప్ప ఇంకేదీ వినిపించదు. వినిపించినా నేను ఒప్పుకోను.

నీ చెల్లెలు


కుట్టుమిషన్ల షాపు నుంచి,
శనివారం

చెల్లీ,

వద్దు. కత్తెర నీ దగ్గరే పెట్టుకో.

నీకు మొక్కలు తెలుసు, ఒప్పుకుంటాను. నాకు మీ వదిన తెలుసు. పిల్ల పోయిన మొదటి నెలల్లో ఆమె నీళ్లు తాగమంటే తాగేది, లేకపోతే లేదు. ఆ తెల్లపువ్వు పూసిన రోజున తనంతట తాను లేచి తల దువ్వుకుంది. అది నాటుదైతేనేం, కంచెదైతేనేం? కోశాక కన్ను లేవకపోతే ఉన్నదీ పోతుంది, ఉంచుకున్నదీ పోతుంది. అప్పుడు ఆమె ముఖం చూడాల్సింది నేను, నువ్వు కాదు.

ఇప్పుడు ఇంకో గొడవ. గురువారం పొద్దుటి బస్సుకు ఆమె అక్కడికి వస్తోంది, పువ్వును చూడటానికి. ఆపడం నా వల్ల కాలేదు. పండగ బట్టల కాలం, మిషన్లు గుట్టలుగా వచ్చి పడ్డాయి, నేను రాలేను అని చెప్పాను. అది సగం నిజం. మిగతా సగం నీకు తెలుసు.

ఆ కంచె వైపు తీసుకెళ్లకు. మూడో హాలు వైపు కూడా వద్దు. ఏమీ చెప్పనని నా మీద ఒట్టు.

మీ అన్నయ్య


ప్రదర్శన ప్రాంగణం, తనిఖీ షెడ్డు,
శుక్రవారం

అన్నయ్యకు,

నీ మీద ఒట్టు నిలబెట్టుకోవాలనే చూశాను. దారే నిలబెట్టుకోనివ్వలేదు.

ముందు మన హాలుకే తీసుకెళ్లాను. మొక్కను చూడగానే ఆమె చేసిన మొదటి పని చీటీ వంకరగా ఉంటే సరిచేయడం. తరువాత, జనం ఏమంటారో వినాలని, కిటికీ పక్కన ఏమీ తెలియనట్టు నిలబడింది. చాలామంది చూడకుండానే వెళ్లిపోయారు. ఒక కుటుంబం ఆగి, మొక్క పక్కన ముసలాయనను నిలబెట్టి ఫోటో తీసుకుంది. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఫోటోలో పడింది చూశావా" అంది. ఆ నిమిషంలో నువ్వే గెలిచావు అన్నయ్యా. ఈమెకు ఏదీ చెప్పకూడదు అనుకున్నాను.

భోజనానికి వెళ్తుంటే నీళ్ల పైపు పగిలి పెద్దదారి మూసేశారు. జనాన్నంతా గిడ్డంగుల పక్కనుంచి మళ్లించారు. వెనక్కి తిరగడానికి వీల్లేకుండా తోసుకొస్తున్నారు. కంచె నిండా పూసి ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా తెలుపు.

వదిన ఆగిపోయింది. జనం మా ఇద్దరినీ తప్పుకుంటూ వెళ్తున్నారు. ఒక గుత్తిని ముట్టుకుని, "ఇవన్నీ ఎవరు అంటు కట్టారు?" అని అడిగింది.

"ఎవరూ కట్టలేదు వదినా. కంచె గులాబీ. దానంతట అదే పెరుగుతుంది."

ఇంకేం దాస్తాను? షెడ్డుకు తీసుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "మీ అన్నయ్యకు తెలుసా?" అంది. తెలుసన్నాను. "అందుకేనా పండగ బట్టల కాలం" అని ఒక్క నవ్వు నవ్వింది.

తరువాత మొక్క తెప్పించమంది. మట్టి కొంచెం తప్పించి కోతను చూపించాను. వేలు పెట్టి తడిమింది. నువ్వు చూడాల్సింది ఆ ముఖం. "వంకరగా కోసింది" అంది. "ఇక్కడ చూడు, పైన ఒక పక్కకు జారిపోయింది. నా దగ్గర ఎన్ని గుడ్డల అంచులు ఇలా పాడుచేసిందో. ఏ పనీ నిదానంగా చేయదు." అలా మాట్లాడుతూనే ఉంది, దోమ పక్కనే నిలబడి తిట్లు తింటున్నట్టు. రెండేళ్లుగా ఎక్కడెక్కడో వెతికిన పిల్ల ఆ గోరంత చోట దొరికింది ఆమెకు.

"లేవకపోతే?" అని అడిగింది.

"ఏమీ మిగలదు వదినా."

"మరి మధ్యాహ్నం మెట్ల మీద చప్పుడు ఎవరిది?"

ఆమె లేచి, కాస్త తిరిగొస్తానని వెనక గేటు వైపు వెళ్లింది. వాడిన పూల గుట్ట దగ్గర నిలబడి ఉంది, నేను తలుపులోంచి చూస్తూనే ఉన్నాను. అందులో సగం ఇంకా పూర్తిగా చావని మొక్కలే. మోకాళ్ల మీద కూర్చుని ఒకదాన్ని నిలబెట్టింది, అది మళ్లీ పడిపోయింది. ఎంతసేపటికో వచ్చి చెయ్యి చాపింది.

"కత్తెర ఇవ్వు. పిల్ల పని సగంలో ఆపేసింది నేనే."

ఎక్కడ కోయాలో చూపించాను. ఒక్కో కొమ్మా పూలతో సహా నేల మీద పడుతుంటే నేనే గోడ వైపు తిరిగాను. మా సూపర్‌వైజరు పరుగెత్తుకుంటూ వచ్చి, "పూసిన కొమ్మను ఎవరైనా కోస్తారా అమ్మా? పిచ్చా?" అని అరిచాడు.

"మా అమ్మాయి పని. పూర్తిచేస్తున్నాను" అంది వదిన.

పూలు లేని మొక్కకు హాలులో చోటు లేదు. సాయంత్రం బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లింది కదా, నువ్వు చూసే ఉంటావు. జానెడు మొద్దు. నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, ఆమెను ఏమీ అనకు.

నీ చెల్లెలు


కుట్టుమిషన్ల షాపు నుంచి,
చలి మొదలైన బుధవారం

చెల్లీ,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. కోపం వచ్చింది, నిజమే. నీ మీద కొంత, నా మీద ఎక్కువ. బస్సు దిగిన మనిషి చేతుల్లో ఆ మొద్దును చూసి నేను సంచి అందుకుని ముందు నడిచాను. ఆమె తిన్నగా మెట్లెక్కి దాన్ని డాబా మీద పాత చోటులోనే పెట్టింది.

ఆ తరువాతి రోజులు ఎలా గడిచాయో అడగకు. చప్పుడు లేదు. ఆమె వినడం కూడా మానేసింది. మిషన్ మధ్యాహ్నం ఆగడమే లేదు, ఆపితే ఏం వినిపించదో ఆమెకు తెలుసు కాబట్టి. నేను పొద్దునా సాయంత్రం మొద్దును చూసి రావడం, ఆమె నా ముఖం చూడటం, నేను తల అడ్డంగా ఊపడం. ఆమెను ఒంటరిదాన్ని చేశామని నీకు ఎన్ని ఉత్తరాలు మనసులో రాశానో. మంచిదైంది, పోస్టు చేయలేదు.

నిన్న పొద్దున కోత దగ్గర గుండుసూది తలంత ఎరుపు. ఈ రోజు పొద్దున దాని నుంచి రెండు ఆకుల మొనలు. నువ్వు చెప్పిన చోటే, ఆ వంకర కోత నుంచే. నేను అరిచి మీ వదినను పిలిచాను. పైకి వచ్చింది, వంగి చూసింది, ముట్టుకోలేదు. కిందికి దిగి, సగంలో ఉన్న చొక్కాకు బొత్తాలు కుట్టింది. దారం తెంపి, మిషన్ మీద గుడ్డ కప్పి, వెళ్లి పడుకుంది.

మధ్యాహ్నం భోజనానికి నేను షాపు మూసి ఇంటికి వచ్చేసరికి ఇంకా నిద్రలోనే ఉంది. రెండేళ్లుగా ఈమె పగలు కన్ను మూయడం నేను చూడలేదు. రాత్రుళ్లూ అంతంత మాత్రమే. భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి నిండుగా ఆడుతోంది, నోరు కొంచెం తెరుచుకుని ఉంది, దోమ పడుకున్నట్టే. లేపలేదు.

నేనే పైకి వెళ్లి చిగురుకు నీళ్లు చల్లాను. నీ దగ్గర నేర్చుకోవాలి, ఎన్ని పోయాలో నాకు తెలియదు. తరువాత కిందికి దిగుతున్నాను. మా మెట్లు ఎంత ఇరుకో నీకు తెలుసు. డబ్బాతో పిల్ల పైకి వస్తుంటే దిగేవాడు పక్కకు తప్పుకోవాలి, లేకపోతే ప్యాంటు మీద నీళ్లు ఒలకడం ఖాయం. ఎన్నిసార్లు అరిచానో దాని మీద.

సగం మెట్లు దిగి, గోడకు వీపు ఆనించి పక్కకు తప్పుకున్నాను. ఎందుకు తప్పుకున్నానో తప్పుకున్నాక గానీ తెలియలేదు. ఏ చప్పుడూ వినలేదు చెల్లీ, ఎవరూ కనిపించలేదు. కాళ్లు వాటంతట అవే దారిచ్చాయి. నేను వెంటనే దిగలేదు. పైకి వెళ్లేవాళ్లకు ఎంతసేపు పడుతుందో అంతసేపూ అలాగే నిలబడ్డాను.

మీ వదినకు చెప్పకు. ఆమెను పడుకోనీ.

కిందికి వచ్చాక ప్యాంటు చూసుకున్నాను. పొడిగానే ఉంది.

మీ అన్నయ్య